నాగయ్యగారి సిగ్గు

మా ఇంట్లో 'నాగయ్య' అనేది మనిషి పేరు కాదు, జబ్బు పేరు. నిజం సుమండీ! చిల్లకూరులో మా అవ్వ బతికున్నన్నాళ్ళూ, ఎవరైనా ఉన్నదంతా ఊడ్చి పక్కవాడి చేతిలో పెట్టి ఉత్త చేతులతో ఇంటికొచ్చారంటే, "ఈనకీ నాగయ్య పట్టినాడు" అనేది. చిన్నప్పుడు ఆ మాట విని నాగయ్యంటే చింతచెట్టు మీదుండే దయ్యం కాబోలు అనుకున్నాను. ఆయన ఒక సినిమా నటుడనీ, పాటలు పాడేవాడనీ, వాటికి వరసలు కట్టేవాడనీ తెలిసేసరికి నాకు పదేళ్ళు దాటాయి.

ఆ జబ్బు మా ఇంట్లో పట్టింది మా తాతకి. గూడూరు చుట్టుపక్కల వాళ్ళకి నిమ్మతోట అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కాయ ధర పలికిన ఏడు పెళ్ళిళ్ళు జరుగుతాయి, పలకని ఏడు వాయిదా పడతాయి. తాత ఎవరికో జామీను ఉండి సగం తోట పోగొట్టాడు. ఇంకెవరిదో పిల్ల పెళ్ళి ఆగిపోతుందంటే అవ్వ కాసులపేరు తీసుకుపోయి ఇచ్చి వచ్చాడు. ఆ కాసులపేరు తిరిగి రాలేదు. ఊళ్ళో తాతని దేవుడన్నారు. ఆయన పోయినప్పుడు వచ్చిన జనానికి వీధి చాల్లేదు. ఆ జనానికంతా వంట చేయించి పెట్టింది అవ్వే! "ఇచ్చినోడికి పేరు, వండినదానికి పొగ" అని గొణుక్కుంటూనే, ఒక్కరిని కూడా ఆకలితో పోనివ్వలేదు.

ఇప్పుడీ సొంత గొడవంతా ఎందుకంటారా? చిత్తూరు నాగయ్యగారి మీద ఎవరు ఏం రాసినా మా తాత కథే రాసినట్టుంటుంది. 1904 మార్చి 28న రేపల్లెలో పుట్టారు. ఇంటిపేరు ఉప్పలదడియం. చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరొచ్చి, ఆ ఊరే ఇంటిపేరైపోయింది. 1938లో 'గృహలక్ష్మి'తో సినిమాల్లోకి వచ్చారు. చేతికి ఎముక లేకుండా సంపాదించారు, చేతికి ఎముక లేకుండా ఇచ్చారు. మద్రాసులో ఆయన ఇంట్లో పొయ్యి ఆరేది కాదనీ, ఏ వేళప్పుడు ఎవరొచ్చినా విస్తరి పడేదనీ చెప్పుకుంటారు. 1965లో పద్మశ్రీ ఇచ్చారు. 1973 డిసెంబరు 30న పోయారు, మిగిలింది ఏమీ లేకుండా. ఇదీ వరస. చదివి మనం కళ్ళు ఒత్తుకుంటాం. "అయ్యో, ఎంత మంచి మనిషి" అనుకుంటాం. పేజీ తిప్పేస్తాం.

నా ఫిర్యాదంతా ఆ కళ్ళు ఒత్తుకోవడం మీదే. ఆ మనిషి మంచితనం ఆ కళాకారుణ్ణి మింగేసింది. ఆయన ఎలా ఇచ్చాడో చెప్పేవాళ్ళు వందమంది ఉన్నారు. తెరమీద ఎలా నిలబడ్డాడో, పాటని ఎక్కడ ఆపాడో చెప్పేవాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టేంతమంది. పోతన, వేమన, త్యాగయ్య, రామదాసు... నాలుగు పేర్లూ కలిపి చదివేసి 'భక్తి పాత్రల నాగయ్య' అని ఒక దండ వేసి పక్కన పెట్టేశాం. ఆ దండ కింద ముఖం కనిపించడం మానేసింది.

ఈ సంగతి నాకు తట్టించింది కూడా అవ్వే. ఆమె పెళ్ళికి ముందు గూడూరులో డేరా హాల్లో 'స్వర్గసీమ' చూసిందట. నేను డిగ్రీలో ఉండగా, ఏదో మధ్యాహ్నం టీవీలో పాత పాట వస్తుంటే అడిగాను, "నాగయ్య భక్తుడుగా బాగుంటాడా అవ్వా?" అని. అవ్వ చాటలోంచి తల కూడా ఎత్తలేదు. "భక్తుడేంది మే! తప్పు చేసినోడుగా బాగుంటాడు. తప్పు చేసి ఇంటికొచ్చినాక ఆ మొగం చూడాల" అంది.

ఆ మాట నేను అప్పుడు నవ్వి వదిలేశాను. చాలా ఏళ్ళ తర్వాత, నలభై దాటాక, పాత సినిమాలన్నీ ఫోనులోనే దొరుకుతున్న ఈ రోజుల్లో, రాత్రిళ్ళు వంటిల్లు సర్దేశాక ఒక్కొక్కటే చూస్తూ వచ్చాను. అవ్వ చదివింది రెండో తరగతి. నేను బి.ఏ. సాహిత్యం. అయినా ఆమె చెప్పినదానికి నేను కలపగలిగింది కొంచెమే.

వరసగా చూడండి. 'వందేమాతరం' (1939), బి.ఎన్. రెడ్డిగారు తీసిన వాహిని వారి మొదటి చిత్రం. ఉద్యోగం కోసం ఇల్లు విడిచి పట్నం పోయిన భర్త నాగయ్య. ఇక్కడ అత్తగారి చేతిలో నలిగిపోయే భార్య కాంచనమాల. 'దేవత' (1941)లో విదేశంలో చదువుకుని వచ్చిన పెద్దింటి అబ్బాయి. ఇంట్లో పనిచేసే లక్ష్మికి మాటిచ్చి, తీరా అవసరం వచ్చినప్పుడు నోరు మెదపలేక ఆ పిల్లని వీధిన పడేసినవాడు. లక్ష్మిగా కుమారి వేసింది. 'స్వర్గసీమ' (1945) సరేసరి. బి. జయమ్మ లాంటి భార్యా, పిల్లలూ ఉన్న గృహస్థు. వీధుల్లో పాడుకునే సుబ్బిని తెచ్చి, నాటకాల్లో పెద్ద తారని చేసి, ఆ తార వెనకే పోయి కొంప ముంచుకుంటాడు. ఆ తార భానుమతి. అదే ఏడు అరవంలో వచ్చిన 'మీరా'లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మిగారి పక్కన రాణాగా ఉన్నదీ ఈయనే. పెళ్ళాం మనసు కృష్ణుడి దగ్గరుంటే మొగుడు అన్నవాడు ఏం చేయాలో తెలియక, చేయకూడనిది చేసి, ఆనక కుమిలిపోయే రాజు. 1947లో 'యోగి వేమన'. వేమన యోగి అయ్యేముందు ఏం చేశాడు? వేశ్య మోజులో పడి ఇంటిని మరిచాడు. ప్రాణంగా చూసుకున్న అన్న కూతురు జ్యోతి చనిపోయేదాకా కళ్ళు తెరవలేదు. చివరికి 'భక్త రామదాసు' (1964) కూడా అంతే కదండీ! గుడి కట్టాడు, బాగుంది. కట్టింది ఎవరి డబ్బుతో?

ఇందులో ఎంతమంది మచ్చలేని మహానుభావులున్నారో మీరే లెక్కపెట్టుకోండి. పోతన, త్యాగయ్య ఇద్దరూ అలాంటివాళ్ళే, ఒప్పుకుంటాను. మిగిలినవాళ్ళంతా ఎవరో ఒక ఆడకూతురి ముందు, లేకపోతే ఒక పసిపిల్ల శవం ముందు తల దించుకోవాల్సినవాళ్ళు. నాగయ్యగారు మన సినిమాలో భక్తికి ప్రతినిధి అంటారు గానీ, నన్నడిగితే ఆయన సిగ్గుకి ప్రతినిధి. కొత్త పెళ్ళికూతురి సిగ్గు కాదు నేను చెప్పేది. చేసిన పని తెలిసొచ్చి, ఎదుటివాళ్ళ కళ్ళలోకి చూడలేకపోవడం ఉంటుందే, అది. ఆ రోజుల్లో మన మగనటులకి కోపం వచ్చేది, ఏడుపు వచ్చేది, శృంగారం కూడా ఏదో వచ్చేది. ఇది వచ్చిన మగవాడు తెరమీద నాకు మరొకరు కనబళ్ళేదు.

ఎలా చేస్తాడు అది? నాటకాల నుంచి వచ్చినవాళ్ళకి పశ్చాత్తాపం అనగానే గుండె బాదుకోవడం అలవాటు. ఈయన చేతులు లేపడు. మాట నెమ్మదిస్తాడు. మాట్లాడుతూ మాట్లాడుతూ వాక్యం చివర గొంతు కిందికి జార్చేస్తాడు, చివరి అక్షరం మనమే ఊహించుకోవాలి. కనురెప్పలు సగం వాలతాయి. అంతే! 'వేమన'లో పిల్ల పోయాక ఆయన ముఖం చూడండి. గట్టిగా ఏడిస్తే మనకి కాస్త ఊరట దొరికేది. ఆయన ఆ ఊరట ఇవ్వడు. తెలుగు సినిమాలో దుఃఖాన్ని ఇంత పొదుపుగా వాడిన మనిషి, చేతిలో డబ్బుని అంత దుబారాగా ఎలా వాడాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

బొంబాయిలో 'ఫిల్మిండియా' పత్రిక నడిపిన బాబూరావు పటేల్, ఎవర్నీ ఓ పట్టాన మెచ్చుకోని ఆ పెద్దమనిషి, నాగయ్యగారిని భారతదేశపు పాల్ మునీ అన్నాడని ప్రతీతి. పాల్ మునీ హాలీవుడ్ నటుడు. 1936లో లూయీ పాశ్చర్‌గా, 1937లో ఎమిలీ జోలాగా వేసి, మహాపురుషుల జీవితకథలకి పెట్టింది పేరయ్యాడు. పోలిక గౌరవం కోసం చేసిందే, కాదనను. కానీ నాకు పూర్తిగా నచ్చదు. మునీ ప్రతి పాత్రకీ గడ్డాలూ మీసాలూ మార్చి, నడక మార్చి, తను కనబడకుండా పోయేవాడు. నాగయ్యగారు ఏ వేషం కట్టినా నాగయ్యగారే. ఆ గుండ్రని ముఖం, ఆ మెత్తని కళ్ళు ఎక్కడికీ పోవు. పోతన దగ్గరా వేమన దగ్గరా ఆయన తనని దాచుకోలేదు. వాళ్ళనే తన గొంతులోకి పిలుచుకున్నాడు. ఇంకో సంగతి. మునీ పాడలేదు, వరసలు కట్టలేదు.

అసలు రహస్యం అక్కడే ఉందని నా అనుమానం. నేపథ్యగానం ఇంకా స్థిరపడని కాలం అది. ఎవరి పాట వాళ్ళే పాడుకునేవాళ్ళు. చాలామందికి పాట అంటే నటన ఆపి ఒక పక్కకి నిలబడి చేసే పని. సంభాషణ ఒకచోట ఆగుతుంది, హార్మోనియం మొదలవుతుంది, పాట అయ్యాక మళ్ళీ కథ. నాగయ్యగారు తన పాటలకి తనే స్వరం కూర్చుకునేవారు కనుక, తన ఊపిరి ఎంతో ఆయనకి తెలుసు. మాట ఎక్కడ ఆగి పాట ఎక్కడ మొదలైందో అతుకు కనబడనివ్వలేదు. పద్యమైనా సరే, నాటకం పద్యంలా రాగం సాగదీసి చప్పట్ల కోసం ఎదురుచూడదు. పక్కన కూర్చున్న మనిషికి చెప్పుకుంటున్నట్టే ఉంటుంది. వేమన పద్యాలు మనకి బళ్ళో బెత్తంతో నేర్పినవి. ఆయన గొంతులో మొట్టమొదటిసారి అవి ఒక దెబ్బతిన్న మనిషి మాటల్లా వినిపించాయి నాకు.

ఈ సంగీతమంతా ఒక్కచేతి పని అని కూడా అనుకోకండి. వాహిని వారి చిత్రాల్లో ఓగిరాల రామచంద్రరావుగారు పక్కనే ఉన్నారు. 'స్వర్గసీమ'లో బాలాంత్రపు రజనీకాంతరావుగారి చెయ్యీ ఉంది. ఘంటసాల అనే కుర్రవాడు సినిమాలో మొట్టమొదట నేపథ్యం పాడింది కూడా ఆ 'స్వర్గసీమ'లోనే. మెరుపు పాటలన్నీ భానుమతికి పోయాయి. వరసలు కట్టే అధికారం తన చేతిలో ఉన్న కథానాయకుడు, తళుకంతా తనకే ఉంచుకోకుండా ఎదుటి పాత్రకి ఇచ్చేయడం! దాన్ని దానగుణం అంటారో, కథ తెలిసిన సంగీతకారుడి లెక్క అంటారో మీ ఇష్టం. నేను రెండోదే అంటాను. సుబ్బి పాట అంత మత్తుగా లేకపోతే మూర్తి ఇల్లు వదలడం మనం నమ్మం కదా.

1946లో 'త్యాగయ్య' ఆయనే తీశారు. నిర్మాత, దర్శకుడు, నటుడు, సంగీతం, నాలుగూ ఆయనే. ఇది చాలామందికి ఆయన శిఖరం. నాకు మాత్రం కొంచెం దూరంగా ఉండే సినిమా. పాడుతున్నంతసేపూ చెవులప్పగించి కూర్చుంటాను; పాట ఆగగానే, ఏ తప్పూ చేయని మనిషి దగ్గర ఆ కళ్ళకి ఏం పని చెప్పాలో దర్శకుడు నాగయ్యకి తోచలేదేమో అనిపిస్తుంది. 1981లో బాపుగారు మళ్ళీ 'త్యాగయ్య' తీశారు. సోమయాజులుగారు నటించారు, మా నెల్లూరు సీమ బిడ్డ బాలసుబ్రహ్మణ్యం పాడారు, మహదేవన్ సంగీతం. ముగ్గురూ ఉద్దండులే. అయినా అక్కడ ముఖం ఒకరిది, గొంతు ఒకరిది. పాట బాగుందనుకుంటాం, నటన బాగుందనుకుంటాం, రెండు సార్లు అనుకుంటాం. నాగయ్యగారి దగ్గర ఒక్కసారే అనుకుంటాం. ఏది గొప్ప అని కాదు, తేడా చెబుతున్నాను.

ఒక చిన్న మాట, ఆడవాళ్ళం మనలో మనం అనుకోదగ్గది. రాజుగారి కానుకలు కాదన్నందుకు త్యాగయ్యకీ, భాగవతం రాజుకి అంకితం ఇవ్వనన్నందుకు పోతనకీ మనం దణ్ణం పెడతాం. మర్నాడు పొద్దున డబ్బాలో బియ్యం చూసుకున్నది ఎవరు? ఆ కథలు అలా వచ్చాయి, ఆ రోజులు అలాంటివి. పోట్లాడి లాభం లేదు. కానీ 'స్వర్గసీమ'లో జయమ్మ ముందు నిలబడ్డ నాగయ్యని చూసినప్పుడు, ఆ బియ్యం డబ్బా సంగతి ఈ మనిషికి తెలుసు అనిపిస్తుంది. మా అవ్వకి ఆయన నచ్చింది అందుకే అనుకుంటాను. పేరు తిట్టుగా వాడుకుంది గానీ, సినిమా ఏదొచ్చినా నాగయ్య ఉన్నాడంటే చాట పక్కన పెట్టేది.

తర్వాతి కాలం గురించి తొందరగా చెప్పేస్తాను, ఎందుకంటే అక్కడ నాకు బాధే తప్ప చెప్పడానికి ఎక్కువ లేదు. 1953లో సొంతంగా తీసిన 'నా ఇల్లు'ని ఎవరూ ఇప్పుడు తలుచుకోరు. 'భక్త రామదాసు' ఏళ్ళతరబడి సాగి సాగి 1964కి బయటికొచ్చింది. నడక బరువు, చూడ్డానికి ఓపిక కావాలి. అప్పటికి ఆయనకి అరవై. అయినా అందులో కబీరుగా వేసిన గుమ్మడిగారికి మహమ్మద్ రఫీ చేత పాడించుకొచ్చారు! ఖర్చుకి వెనకాడని పాత జబ్బు. జైలు ఘట్టాల్లో మాత్రం మళ్ళీ మన పాత నాగయ్య కనిపిస్తాడు, ఆ జారిపోయే వాక్యాలతో. 2006లో 'శ్రీరామదాసు' చూసిన మా పిల్లలకి ఈ సినిమా పెడితే పది నిమిషాల్లో లేచిపోయారు. తప్పు వాళ్ళది కాదు. అంతకు ముందూ ఆ తర్వాతా 'లవకుశ' (1963)లో వాల్మీకి, 'పరమానందయ్య శిష్యుల కథ' (1966)లో గురువుగారు, ఇంకా లెక్కలేనన్ని తండ్రులూ తాతలూ మునులూ. వచ్చి ఆశీర్వదించి వెళ్ళే పాత్రలు. సిగ్గుపడటం అంత బాగా తెలిసిన నటుడికి మన దర్శకులు ఆశీర్వదించే పని అప్పజెప్పారు. గడ్డం పెట్టి, చెయ్యి ఎత్తించి. ఆ చెయ్యి ఎత్తకుండా ఉండటమే ఆయన గొప్పతనం అని ఎవరికీ గుర్తు లేకపోయింది.

మద్రాసులో పానగల్ పార్కులో ఆయన విగ్రహం ఉంది. మా వైపు వాళ్ళకి పెళ్ళి చీరలంటే టి. నగరే కదా, గూడూరులో రైలెక్కితే సరి. ఆ మధ్య మా ఆడపడుచు కూతురి పెళ్ళికి చీరలు కొనడానికి వెళ్ళినప్పుడు, సంచులన్నీ ముందు పెట్టుకుని అక్కడ కాసేపు కూర్చున్నాం. "ఎవరమ్మా ఈ తాత?" అంది పెళ్ళికూతురు. "ఒక పెద్ద దాత" అని మా ఆడపడుచు చెప్పింది. నేను నటుడు అనబోయి, అరవైవేల చీరల సంచి మీద ఎవరో కాలు వేయబోతుంటే ఆ గొడవలో పడిపోయాను.

ఈ వ్యాసం రాద్దామని కూర్చున్నాక, మొన్న రాత్రి ఒకసారి సరిచూసుకుందామని 'స్వర్గసీమ' పెట్టాను. అమ్మ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. అమ్మ ఎప్పుడూ సినిమాల మనిషి కాదు, తాతని గురించి గానీ అవ్వని గురించి గానీ ఎక్కువ మాట్లాడే మనిషీ కాదు. ఆఖర్న ఆయన ఇంటికి తిరిగొచ్చే చోట అమ్మ చేతులు ఆగాయి. కాసేపు చూసింది.

"కాసులపేరు ఇచ్చొచ్చిన నాడు మీ తాత ఇంట్లోకి రాలేదు" అంది. "పశువుల కొట్టంలో కూసోనుండాడు, రాత్రి పదకొండు దాకా. నేనప్పటికి ఈ ఇంటికొచ్చి ఆర్నెల్లు. అన్నానికి పిల్చుకోని రాపోమ్మే అని మీ అవ్వ నన్ను పంపింది. లాంతరు ఎత్తినా. మామ మొగం ఇట్టాగే ఉండింది."

"అవ్వ ఏమంది?"

"ఏమీ అన్లా. పెరుగన్నం కలిపి పెట్టింది." అమ్మ మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది. "ఆపెయ్యి ఇంక. పొద్దున్నే దోసెలకి బియ్యం నానబోయలేదు."